అంగుళమున్నర

గరివిడి రోడ్డులో రైల్వే గేటు దాటాక
రేకుల షెడ్డు నాది.
పొద్దున్నే వచ్చి ఆగింది ట్రాక్టరు
ముందున్న లోడరు బక్కెట్టు ఎడమకి ఒరిగి,
చెవిలో నీళ్లు పోయినవాడి తలలాగ.

"ఏటైనాదో తెల్దు బావూ,
గ్రావెలు ఎత్తితే ఒక పక్కే ఒలికిపోతంది"
అన్నాడు పోలినాయుడు.
డ్రైవరు దాలయ్య ఏమీ అనలేదు.
పెద్ద టైరు నీడలో గొంతుక్కూచుని
బీడీ ముట్టించాడు.

ముందు గాలి చూస్తాను. ఎప్పుడూ అంతే.
సగం వంకర్లు గాలి తక్కువై వచ్చినవే.
చూడకుండా కట్టరు పట్టుకున్నవాడు
పాపం మూటగట్టుకుంటాడు.
టైర్లు రెండూ సమానం.
సరే.

బక్కెట్టుని గచ్చు మీదకి దించమన్నాను.
ఎడమ మూల నేలని తాకింది.
కుడి మూల కింద నా బొటనవేలు దూరింది,
ఇంకా చోటుంది.
టేపు పెట్టాను: అంగుళమున్నర.

గోగునార పురికొస ఒక చివర జగ్గడికిచ్చి
ఈ మూల నుంచి ఆ మూలకి,
ఆ మూల నుంచి ఈ మూలకి.
రెండు పొడుగులూ ఒకటి కాలేదు.
పిన్నులు కొట్టి బయటికి తీస్తే
గుండ్రంగా ఉండాల్సిన బుష్షులు
కోడిగుడ్లయి ఉన్నాయి.
అది అరుగుదల. అది పోలినాయుడి గ్రీజు పిసినారితనం.
కానీ ఎడమ చెయ్యి మెలిపడింది,
అది అరిగి వచ్చింది కాదు.

"దేన్ని ఎత్తారు దీంతో?"

దాలయ్య బీడీని నేలకి నొక్కాడు.
"గాలోనకి జీడిమాను పడిపోనాది,
పాక మీద. లోపల గొడ్డుంది.
రెండు మూలలూ పెడితే గోడ కూలిపోద్ది.
ఒక మూలతోనే లేపినాను."
"రెండేళ్లయింది, నాకు సెప్పనేదేటి?"
"నువ్వడగనేదు."
కాసేపు షెడ్డులో కంప్రెసరు ఒక్కటే మాట్లాడింది.

ఇనుముకి నిప్పు పెడితే మాట వింటుంది,
తర్వాత ఆ మాట మీద నిలబడదు,
అనేవాడు నాకు పని నేర్పిన తౌడు మేస్త్రి.
అందుకని నిప్పు పెట్టలేదు.
ఎడమ మూల కింద పాత రైలు దుంగ పెట్టి
"నొక్కు దాలయ్యా" అన్నాను.
ముందు చక్రాలు జానెడు గాల్లోకి లేచాయి.
ట్రాక్టరంతా మూలిగింది.
వదిలితే, మళ్లీ మొదటికే.
ఇంకొంచెం. మళ్లీ.
తిన్నగా వచ్చేదాకా వంచితే చాలదు,
తిన్నదనం దాటించి అటు పక్క వంకర చెయ్యాలి.
వదిలాక అదే ఇంటికొస్తుంది.
ఎంత దాటించాలో ఏ టేపులోనూ ఉండదు.
అరికాళ్లకి తెలుస్తుంది, గచ్చు అదురులో.

కొత్త బుష్షులు, పిన్నులు.
జగ్గడు బక్కెట్టులో చెంబుడు నీళ్లు పోశాడు.
నీళ్లు ఎటూ పరిగెత్తలేదు.

షెడ్డు వెనక గ్రావెలు గుట్టలోకి
దాలయ్య బండి నడిపి, ఎత్తాడు.
ఒలికింది.
కుడి పక్కకి.

పోలినాయుడు నా వంక చూశాడు.
నేను టేపు పెట్టాను. తేడా లేదు.
రెండోసారి ఎత్తుతుంటే అప్పుడు చూశాను,
బండిని కాదు, అతన్ని.
గుట్ట దగ్గరికి రాగానే
స్టీరింగు పిసరంత విరుస్తున్నాడు,
లీవరు మీద చెయ్యి అరక్షణం ముందే కదులుతోంది,
ఎడమ భుజం కిందికి దిగిపోతోంది.
సీటు కూడా ఆ పక్కే గుంటపడి ఉంది.
ఆ అంగుళమున్నర రెండేళ్లుగా
ఇనుములో సగమే ఉంది.

"మరిదెప్పుడు సర్దుకుంటాది?" అన్నాడు పోలినాయుడు.
"వారానికోసారి గ్రీజు కొట్టించండి" అన్నాను.
అడిగినదానికి అది జవాబు కాదని
ఇద్దరికీ తెలుసు.

మూడోసారి కొంచెమే ఒలికింది.
నాలుగోసారి ఎత్తలేదు. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి
మోటారు సైకిలు మీద ముందెళ్లిపోయాడు నాయుడు.

గేటు పడింది. గూడ్సు బండి
నల్లటి మాంగనీసు పొడి రాల్చుకుంటూ పోతోంది.
బక్కెట్టు నేలకి సమంగా నిలబడి ఉంది.
దాని వెనక దాలయ్య మెడ
ఇంకా ఎడమకే.
గేటు లేచాక, క్లచ్చు వదిలేముందు
తల ఒకసారి గట్టిగా విదిలించుకున్నాడు.